రంగు చుక్క పెట్టిన ఇనుము

ఆయన ఉన్నన్నాళ్లూ పొద్దున్నే రెండు టీ గ్లాసులు షెడ్డులోకి పట్టుకెళ్లేదాన్ని. ఆయన గ్లాసు అందుకునే ముందు కారు ముందు భాగం మీద రెండు అరచేతులూ ఆనించి ఒక్క నొక్కు నొక్కేవారు. కారు కిందికి దిగి, లేచి, కుదురుకునేది. "బాగానే ఉంది," అనేవారు. నాతో అనేవారో కారుతో అనేవారో నాకు తెలిసేది కాదు. టీ అయ్యాక ఖాళీ గ్లాసులు పట్టుకుని వంటింట్లోకి వచ్చేసేదాన్ని. మళ్లీ మర్నాటి దాకా షెడ్డుతో నాకు పని ఉండేది కాదు.

ఆయన పోయాక టీ ఒక్క గ్లాసే అయింది. షెడ్డుకి తాళం పడింది. ఆ తాళం మళ్లీ తీసిన రోజు నుంచి మాత్రం నా కాపురమంతా షెడ్డు గుమ్మంలోకి మారిపోయింది. పీట వేసుకుని బఠానీలు ఒలిచినా అక్కడే, బట్టలు మడత పెట్టినా అక్కడే, ఊడిన బొత్తాం కుట్టుకున్నా అక్కడే. చేతులు పని మీద, కళ్లు కారు కింద వెల్లకిలా పడుకున్న మనిషి మీద.

ఆ మనిషిని అందరూ స్ప్రింగు అంటారు. అసలు పేరు ఏదో ఉండే ఉంటుంది, పిలిచేవాళ్లే లేరు. కుర్రతనంలో ఎవరో పెద్ద మేస్త్రీ దగ్గర పని నేర్చుకుంటున్నప్పుడు, కారు ముందు చక్రం దగ్గరి స్ప్రింగు బిగువు తప్పి ఎగిరి దవడకి తగిలిందట. రెండు పళ్లు పోయాయి. చెవి కింద నుంచి గడ్డం దాకా మచ్చ మిగిలింది. మాట్లాడితే మధ్యమధ్యలో ఈల వస్తుంది. కోపంగా తిట్టినా ఈల వేస్తూ తిట్టినట్టే ఉంటుంది కనుక అతని కోపానికి ఎవరూ భయపడరు. పెద్ద పెద్ద గ్యారేజీల వాళ్లు ఇంజన్లు చూస్తారు, రంగులు వేస్తారు. ఇతను మాత్రం ముందు చక్రాలు తప్ప ఇంకేదీ ముట్టుకోడు.

ఒకప్పుడు మా ఇంట్లో మనిషే. ఆయన్ని "బావా" అనేవాడు, నన్ను "చెల్లెమ్మా" అనేవాడు. అలాంటివాణ్ణి ఒక సాయంత్రం ఆయన గేటు దాకా తరుముకుంటూ వెళ్లారు. ఏమైందని అడిగితే, "దొంగ. మన సామాను మార్చెయ్యబోయాడు," అన్నారు. ఇంకో మాట చెప్పలేదు. అప్పటి నుంచి దారిలో ఎదురుపడినా ఇద్దరూ చెరోవైపు చూసుకుంటూ పోయేవారు. ఆయన పోయినప్పుడు కూడా స్ప్రింగు మా గడప ఎక్కలేదు. రోడ్డుకి అవతలి పక్క గోడకి ఆనుకుని నిలబడ్డాడని ఎవరో చెప్పారు.

అందుకే ఒక పొద్దున గేటు బయట అతన్ని చూసేసరికి గడియ తియ్యకుండానే నిలబడిపోయాను.

"అమ్మా, కారు అమ్ముతారని విన్నాను," అన్నాడు. చెల్లెమ్మ కాస్తా అమ్మ అయిపోయింది.

"ఎవరు చెప్పారు?"

"ఏ బండి నుంచి ఆయిల్ చుక్క కారినా నాకు వాసనొస్తుందమ్మా. అమ్ముకోండి, ఉంచుకోండి, మీ ఇష్టం. ముందు చక్రాల పని చెయ్యకుండా మాత్రం అది ఈ గేటు దాటకూడదు."

"ఎందుకట?"

"పాతబడింది. బుష్షులు పోయాయి, షాకబ్జర్లు పోయాయి. ఆ డ్రమ్ము బ్రేకులు ఇప్పటి రోడ్లకి చాలవు."

"అంతేనా?"

అతను కాలితో ఒక గులకరాయిని పక్కకి నెట్టాడు. "అంతే," అన్నాడు.

ఆ 'అంతే' నాకు నచ్చలేదు. సగం మింగిన మాట గొంతులో కనబడుతూనే ఉంది. పైగా కూలి వద్దన్నాడు, సామాను తెప్పిస్తే చాలన్నాడు. ఊరికే పనిచేస్తానని వచ్చినవాణ్ణి చూస్తే ఎవరికైనా అనుమానం రాదా? కానీ తాళం తీసి చూస్తే కారు ఎడమ వైపుకి ఒరిగి ఉంది, కాలు బెణికిన మనిషిలా. ఆయన నొక్కినట్టే నేనూ నొక్కి చూశాను. కిర్రుమంది. లేచేటప్పుడు ఒక్కసారిగా లేవలేదు. సరే, రమ్మన్నాను. దొంగ ఎక్కడో ఉండడం కంటే నా కళ్ల ముందు ఉండడమే మేలనుకున్నాను.

కారు అమ్మకం మాట ఎత్తింది మా మరిది. ఎవరో పాత కార్లు సేకరించే ఆసామిని వెతికి పెట్టాడు. స్ప్రింగు వచ్చాడని తెలియగానే పరిగెత్తుకొచ్చాడు.

"ఏమిటి వదినా నువ్వు చేసింది? పాలకి పిల్లిని కాపలా పెట్టినట్టుంది!"

"పిల్లిని నేను చూస్తూనే ఉన్నానుగా."

"చూస్తే సరా? ఒరిజినల్ సామానంటే ఆ కార్ల పిచ్చివాళ్లకి బంగారంతో సమానం. ఏ డొక్కు బండిదో తెచ్చి మనకి తగిలిస్తాడు, మనది సంచిలో వేసుకుపోతాడు. నీకు తెలుస్తుందా? ఇనుము ఇనుములాగే ఉంటుంది. అన్నయ్య ఊరికే తరిమేశాడా ఆ ఈల మనిషిని?"

ఆ మాట నా మనసులో ముల్లులా దిగబడింది. పక్కింటికి గిన్నెలిచ్చేటప్పుడు అడుగున రంగు చుక్క పెట్టి ఇవ్వడం నాకు అలవాటు. తిరిగొచ్చిన గిన్నె నాదో కాదో తిరగేసి చూసుకుంటే తెలిసిపోతుంది. గిన్నెకైనా ఇనుముకైనా చుక్క చుక్కే. మా అమ్మాయి వదిలేసి వెళ్లిన ఎర్ర గోళ్లరంగు సీసా తీశాను. స్ప్రింగు చక్రాలు ఊడదీసి, కారుని స్టాండ్ల మీద నిలబెట్టి, విప్పినవి విప్పినట్టు గోనె మీద పేరుస్తున్నాడు. అతను చెయ్యి కడుక్కోవడానికి పెరట్లోకి వెళ్లినప్పుడల్లా ఒక్కొక్క సామాను తిరగేసి, లోపలి వైపు, ఎవరి కంటా పడని మూల చిన్న చుక్క పెట్టేశాను. చదువు లేకపోతేనేం, ఆ మాత్రం తెలివి ఉందనుకున్నాను.

మధ్యాహ్నం అతని భార్య కారియర్ తెచ్చేది. ఇంట్లో మిషను పెట్టుకుని బట్టలు కుడుతుంది, అందరూ టైలరమ్మ అంటారు. మెడలో కొలతల టేపు వేసుకునే వచ్చేసేది. తొలిరోజు నన్ను ఎగాదిగా చూసింది.

"కాపలా పీట బాగుందమ్మా. ఓ దిండు కూడా వేసుకోండి. మా ఆయన పని తొందరగా తెమిలేది కాదు, నడుం పట్టేస్తుంది."

"నీ పని నువ్వు చూసుకోవే," అన్నాడు కారు కింద నుంచి స్ప్రింగు, ఈలతో సహా.

"నా పని నిన్ను తిండికి లేపడం. లేస్తావా, కారియర్ కూడా జాకీ వేసి ఎత్తాలా?"

నాకు నవ్వొచ్చింది కానీ నవ్వలేదు. ఆమె కళ్లలో నవ్వు లేదు. ఆమెకి మా మీద ఏదో ఉంది. దొంగ పెళ్లానికి అంత పొగరెందుకని అనుకున్నాను.

చక్రం దగ్గరి స్ప్రింగు ఊడదీసే రోజున ఇంకో గొడవ. మర చుట్లున్న పొడుగాటి ఇనుప చువ్వతో దాన్ని కొంచెం కొంచెంగా నొక్కుతూ, "అమ్మా, మీరక్కడ కూర్చోకండి. ఇది ఎగిరితే ఆడా మగా చూడదు," అన్నాడు. నన్ను లేపడానికి ఇదో ఎత్తనుకున్నాను. పీట బెత్తెడు జరిపాను. అతను పానా కింద పెట్టి చేతులు కట్టుకుని కూర్చున్నాడు. నేను కదల్లేదు, అతనూ కదల్లేదు. వీధిలో కూరగాయల బండి వచ్చి పోయింది. చివరికి నేనే విసుక్కుని గోడ చాటుకి వెళ్లాను.

"అప్పుడు నన్నెవరూ లెమ్మనలేదు," అన్నాడతను లోపలి నుంచి, పని సాగిస్తూనే. "మేస్త్రీ చూసి ఊరుకున్నాడు. రక్తం కారుతుంటే తుండు ఇచ్చి, 'ఇప్పుడు నేర్చుకున్నావు' అన్నాడు. అంతే పాఠం."

"అయినా ఆ పనే పట్టుకుని వేలాడారెందుకు? ఇంజన్ పని నేర్చుకోవచ్చుగా."

"ఇంజన్ ఆగితే మనిషి రోడ్డు పక్కన నిలబడతాడమ్మా, తిట్టుకుంటాడు, ఇంటికొస్తాడు. ముందు చక్రం ఊడితే నిలబడ్డానికి మనిషంటూ ఉండాలిగా."

స్ప్రింగు ఎగరకుండానే బయటికొచ్చింది. దాన్ని పసిపిల్లని పడుకోబెట్టినట్టు గోనె మీద పెట్టాడు. దొంగలక్కూడా పనితనం ఉంటుంది, అందులో వింతేముంది అనుకున్నాను.

ఆ మర్నాడు విప్పిన సామానంతా సంచుల్లో కట్టాడు, తన షెడ్డుకి తీసుకెళ్లి కడిగి తెస్తానన్నాడు.

"ఇక్కడే కడగొచ్చుగా? నీళ్లున్నాయి."

"నీళ్లకి పోయే జిడ్డు కాదమ్మా. కాస్టిక్ సోడా డ్రమ్ములో నానబెట్టాలి. ఇక్కడ ఆ పని పెడితే మీ పూల మొక్కలు మిగలవు."

నా చుక్కలున్నాయి కదా అన్న ధైర్యంతో పంపాను. తిరిగి తెచ్చినప్పుడు ఆ ఇనుమంతా పాత రంగూ మట్టీ గ్రీజూ పోయి బూడిద రంగులో మెరుస్తోంది. అతను అటు తిరగగానే ఒకటి తీసి తిరగేశాను. చుక్క లేదు. ఇంకోటి తీశాను. లేదు. ఒక్కదాని మీదా లేదు.

"ఎర్ర చుక్కల కోసమామ్మా?"

నేను చేతిలోది కింద పెట్టేశాను.

"గోళ్లరంగు కాస్టిక్ సోడాలో నిలవదు. ముందే చెబితే ఇనుము మీద గుర్తు కొట్టే ఉలి ఇచ్చేవాణ్ణి." ఎగతాళిగా అనలేదు, అందుకే ఇంకా మండింది. "నేనూ గుర్తులు కొట్టానమ్మా, ఎడమవాటికి ఒక గాటు, కుడివాటికి రెండు. ఇదిగోండి."

అతని గాట్లు ఉన్నాయి, నా చుక్కలు పోయాయి. ఇక ఏది మాదో ఏది కాదో చెప్పాల్సినవాడు అతనే. దొంగే సాక్షి కూడా అయితే తీర్పు ఎలా ఉంటుంది? నా తెలివి చూసుకుని నాకే సిగ్గేసింది. గిన్నెని మట్టితో తోముతారు, దాన్నెవరూ సోడాలో ఉడకబెట్టరు కదా మరి.

అప్పుడతను ఒక్క సామాను మాత్రం విడిగా తీసి నా ముందు పెట్టాడు. చక్రాన్ని కారుకి పట్టి ఉంచే ఇనుప బద్ద, ఆర్మ్ అంటారు. ప్రతి చక్రానికీ పైనొకటి, కిందొకటి ఉంటాయి. బరువంతా మోసేది కిందిదే. అది ఎడమ చక్రం కిందిది. దాని మెడ దగ్గర అడ్డంగా గొంగళిపురుగు పడుకున్నట్టు వెల్డింగు అతుకు. అతుకు పక్కనుంచే వెంట్రుకంత సన్నటి గీత ఇంకోటి బయల్దేరి ఉంది.

"దీనికోసమే వచ్చానమ్మా," అన్నాడు.

"ఇది మాది కాదు."

"మీదే. ఇది విరగబోతోందని బావకి అప్పుడే చూపించాను. మార్చేద్దాం, వేరేది నేను వెతికి తెస్తానన్నాను. 'ఒరిజినల్‌ది కాజేసి నాకు పనికిమాలినది అంటగడతావా' అని కేకలేశాడు. అతుకు వేసిన బండి కింద నేను చెయ్యి పెట్టనన్నాను. దొంగా అన్నాడు. తర్వాత ఎక్కడో వెల్డింగు వేయించి పైన నల్ల రంగు పూశాడు. రంగు పోయేసరికి బయటపడింది."

ఎడమ వైపు సీటు నాది. మా అమ్మాయి చిన్నప్పుడు నా ఒళ్లోనే కూర్చునేది. ఎన్ని వంతెనలు, ఎన్ని పల్లాలు, ఎంత వాన. ఈ ఇనుము మాదే అయితే, ఇది విరగొచ్చని తెలిసి కూడా ఆయన మమ్మల్ని దీని మీద కూర్చోబెట్టి తిప్పినట్టు. నిజం చెప్పినవాణ్ణి దొంగన్నట్టు. మాది కాకపోతే, ఈ మనిషి ఏ చెత్త కుప్పలోంచో విరిగిన ముక్క తెచ్చి, నోరు లేని మనిషి మీద నింద వేస్తున్నట్టు. ఏది నిజమో చెప్పగలిగిన ఎర్ర చుక్క సోడా డ్రమ్ములో కరిగిపోయింది.

"చచ్చిపోయిన మనిషి మీద చెప్పడానికి నోరెలా వచ్చింది?" అన్నాను.

"బతికుండగా చెప్పింది కూడా నేనేనమ్మా."

"ఇవాళ్టికి చాలు. వెళ్లండి."

అతను వాదించలేదు. పానాలు తుడిచి సంచిలో సర్దుకున్నాడు. ఆర్మ్ మాత్రం అక్కడే వదిలి వెళ్లాడు. చక్రాలు లేని కారు స్టాండ్ల మీద, కాళ్లు తీసేసిన మనిషిలా ఉంది. ఆ రోజు వంట చేశాను కానీ తినలేకపోయాను.

మర్నాడు మరిది వచ్చాడు. నేనతనికి ఏమీ చూపించలేదు. ఆర్మ్ మీద గోనె కప్పేశాను.

"పని ఆపించేశానయ్యా," అన్నాను. "ఎడమ చక్రం దగ్గర ఏదో పేచీ వచ్చింది."

"చూశావా! చెప్పానా లేదా! ఆ వెల్డింగు పట్టుకుని రాద్ధాంతం చేశాడా? అది కొత్తదానికంటే గట్టిది వదినా. నా కళ్ల ముందే వేశారు. అన్నయ్య పక్కన నేనే ఉన్నాను..."

గుమ్మడికాయ దొంగెవరంటే భుజాలు తడుముకోవడమంటే ఇదే. తడుముకున్నాక కానీ అతనికి తెలియలేదు.

"నేను వెల్డింగని అనలేదే," అన్నాను.

మరిది మొహం చూడాల్సింది. కాసేపు కారు వంక చూశాడు, కాసేపు పైకప్పు వంక చూశాడు. తర్వాత గొంతు తగ్గించాడు.

"అప్పుడు ఆ సామాను ఎక్కడా దొరకలేదు వదినా. వాడు తెస్తానన్నది ఏ బండిదో ఏమో. అన్నయ్యకి ఒరిజినల్ పిచ్చి. వెల్డింగువాడు భరోసా ఇచ్చాడు. విరగలేదుగా ఇన్నాళ్లూ? మళ్లీ కాస్త నల్ల రంగు పూసి దాన్నే బిగించేస్తే కొనేవాడికి తెలిసేదేముంది?"

"కొన్నవాడి పెళ్లాం ఏ వైపు కూర్చుంటుందయ్యా?"

"అన్నయ్య పరువు కూడా చూడు వదినా," అన్నాడు వెళ్లిపోతూ.

నేను పీట మీదే ఉండిపోయాను. పోయిన మనిషి మీద కోపం వస్తే దాన్ని ఎక్కడ పెట్టుకోవాలో ఎవరూ చెప్పరు. అన్నం ముందు పెట్టకుండా అలుగుదామంటే అన్నం తినే మనిషి లేడు. రోజూ పొద్దున్నే ఆ నొక్కడం, ఆ 'బాగానే ఉంది' అనడం నా కళ్ల ముందు మెదిలాయి. అది ముద్దనుకున్నాను ఇన్నాళ్లూ. ఇప్పుడు చూస్తే భయమేమో అనిపిస్తోంది. ఏదో నాకు ఇక తెలియదు. ముద్దూ భయమూ రెండూనేమో.

సాయంత్రం చెప్పులేసుకుని స్ప్రింగు ఇంటికి వెళ్లాను. ముందు గదిలో మిషను, గోడకి తగిలించిన సగం కుట్టిన జాకెట్లు. వెనక రేకుల కింద అతని షెడ్డు. పాత టైర్లు, పానాలు వేలాడుతున్న చెక్క, మూల సోడా డ్రమ్ము. గోడ పొడుగునా రకరకాల స్ప్రింగులు వరసగా నిలబెట్టి ఉన్నాయి. టైలరమ్మ మిషను ఆపలేదు.

"సంచుల్లో మీ సామానేదైనా తక్కువైందా? సోదా చేసుకుంటారా?"

"లేదమ్మా."

"మరి?"

"ఆ ఆర్మ్ మాదే."

మిషను ఆగింది. ఆమె కళ్లద్దాలు తీసి నన్ను చూసింది.

"మీ ఆయన దొంగన్నాక ఈ గుమ్మంలోకి బండి రావడమే గగనమైపోయింది. పండు ముసలి బండ్లూ, పీనాసి మారాజులూ తప్ప ఇంకెవరూ రాలేదు. 'ఆ ఎడమ ఆర్మ్ విప్పించి చూడండిరా' అని ఈయన ఒక్క మాట అంటే పోయేది. అనడే! ఎన్నిసార్లు తిట్టానో. 'వాడు మొండోడే, నలుగురూ నవ్వితే ఇంకా మొండికేస్తాడు, జన్మలో మార్చడు. నవ్వకపోతే ఎప్పటికైనా మారుస్తాడు' అంటాడు. మార్చాడా? లేదు. మా ఇల్లు మాత్రం నా మిషను మీద నడిచింది."

వెనక నుంచి స్ప్రింగు వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. చేతులు తుడుచుకుంటున్నాడు, తుడిచినవే మళ్లీ తుడుచుకుంటున్నాడు. నా నోటికి మంచి మాట రాలేదు. వచ్చింది మళ్లీ అనుమానమే.

"ఇన్నేళ్లూ రానివారు ఇప్పుడెందుకు వచ్చారు?"

"ఇప్పుడు బావ తిట్టడు కదమ్మా," అన్నాడు. ఈల వచ్చింది. ముగ్గురిలో ఎవరూ నవ్వలేదు.

"ఇంకా అమ్మేమిటి? ముందు చెల్లెమ్మా అనేవాడివిగా?" అంది టైలరమ్మ, మిషను వైపు తిరిగి.

నేను, "కారుని ఆ స్టాండ్ల మీద ఎన్నాళ్లుంచుతారు?" అని మాత్రం అడిగి వచ్చేశాను.

మళ్లీ పని మొదలైంది. ఎక్కడెక్కడో తిరిగి పగుళ్లు లేని ఆర్మ్ తెచ్చాడు. ఆర్మ్ కదిలే చోట ఇనుముకీ ఇనుముకీ మధ్య కొత్త రబ్బరు బుష్షులు పెట్టాడు. పాత షాకబ్జర్ల చోట గ్యాసువి, డ్రమ్ముల చోట డిస్క్ బ్రేకులు వేశాడు. మలుపుల్లో కారు ఒరిగిపోకుండా రెండు చక్రాల మధ్య ఉండే కడ్డీ తీసేసి లావుపాటిది బిగించాడు. పాతవన్నీ శుభ్రంగా మూట కట్టి, ఎవరికైనా పాతపద్ధతే కావాలంటే మళ్లీ పెట్టుకోవచ్చని పక్కన పెట్టాడు. ఆ ఎడమ ఆర్మ్ మాత్రం మూటలో పెట్టలేదు.

నేను పీట తియ్యలేదు. నిజం చెప్పినంత మాత్రాన మనిషి అన్నిట్లోనూ నమ్మకస్తుడు కావాలని లేదు. అంతా బిగించేశానని అతను చెప్పిన రోజున నేను లోపలికి వంగి కొత్త బోల్టు ఒకటి వేళ్లతో పట్టుకుని చూశాను. తిరిగింది! పక్కది పట్టుకున్నాను. అదీ వదులే.

"ఇవి వదులుగా ఉన్నాయి," అన్నాను, గొంతు కాస్త లేచింది.

"ఉండాలమ్మా. చక్రాలు గాల్లో వేలాడుతుండగా బిగిస్తే బుష్షుల్లోని రబ్బరు వేలాడిన తీరులోనే అతుక్కుంటుంది. కిందికి దించగానే మెలిపడి నాలుగు రోజుల్లో చిరిగిపోతుంది. కారు నేల మీద నిలబడి, లోపల మనుషులు కూర్చున్నాక బిగించాలి. మోసే బరువు మోస్తుండగానే బిగించాలన్నమాట."

"ఇసక మూటలు పెట్టొచ్చుగా?"

"మనుషులుండగా మూటలెందుకు?" అని భార్యని పిలిచాడు.

చక్రాల కింద దుంగలు పెట్టి కారుని వాటి మీదికి దించాడు. స్టీరింగు దగ్గర టైలరమ్మ కూర్చుంది, ఎడమ సీట్లో నేను. అతను కింద దూరాడు.

"కదలకండి ఇద్దరూ," అన్నాడు కింద నుంచి.

"మేమేమైనా డాన్సు చేస్తున్నామా?" అంది టైలరమ్మ. "ఏమయ్యోయ్, నా బరువుకి సరిపోయేలా బిగించు. రేపు సన్నబడితే మళ్లీ విప్పాలంటావేమో."

"నువ్వు సన్నబడే లోపు ఈ కారు తుప్పు పట్టి రాలిపోతుందే."

"విన్నారా? కింద పడుకుని పైనున్న ఆడదాన్ని అంటున్నాడు. బ్రేకు వదిలానంటే తెలుస్తుంది."

నేను నవ్వాను. ఆయన పోయాక నవ్వడం అదే మొదలు. నవ్వేసి, ఎవరైనా చూశారేమో అన్నట్టు కిటికీలోంచి బయటికి చూశాను. నా కాళ్ల కింద, రేకు అవతల, పానా టక్కు టక్కుమని బిగుసుకుంటోంది. నాకు మళ్లీ బుద్ధి పాత దారిలోకే పోయింది. అతనిప్పుడు ఏం చేస్తున్నాడో నాకు కనబడదు. ఈ బోల్టు బిగించాడో, అది వదిలేశాడో. కానీ కారు బరువంతా, మా ఇద్దరి బరువుతో సహా, అతని గుండెల మీదే ఉంది. ఆ దుంగ జారితే ముందు పోయేది అతనే.

"ఎటు తీసుకెళ్లమంటారమ్మా?" అంది టైలరమ్మ, స్టీరింగు పట్టుకుని, కదలని కారులో.

"ఎటైనా," అన్నాను.

ఆ సాయంత్రమే అతను కారు నడిపి చూపించాడు. నేను పక్కన కూర్చున్నాను, చెయ్యి తలుపు పిడి మీదే ఉంచి. గుంతలో పడితే ఒక్కసారి దిగి, లేచి, ఊరుకుంది. మలుపులో ఒరగలేదు. ఎడమకి లాగలేదు. బ్రేకు వేస్తే గీత గీసినట్టు ఆగింది. బాగుందని చెప్పాలనిపించింది, చెప్పలేదు.

వెళ్లేటప్పుడు అతను సంచిలోంచి చిన్న నల్లరంగు డబ్బా, ఒక బ్రష్షు తీసి షెడ్డు బల్ల మీద, పాత ఆర్మ్ పక్కన పెట్టాడు.

"కడిగిన ఇనుము కదమ్మా, తేమ తగిలితే తుప్పు పడుతుంది. ఖాళీగా ఉన్నప్పుడు ఓ పూత వేసెయ్యండి," అన్నాడు. గేటు దాకా వెళ్లి మళ్లీ తిరిగొచ్చాడు. "వేస్తే ఆ అతుకు కూడా కనబడదు. బావ చేసింది ఎవరూ చూడనక్కర్లేదు."

అతను వెళ్లిపోయాక చాలాసేపు ఆలోచించాను. ఆ మాట ఆయన కోసం అన్నాడా, నా కోసం అన్నాడా, నేనేం చేస్తానో చూద్దామని అన్నాడా? దొంగ కాకపోయినా ఆ మనిషి లోతు నాకు ఇంకా అందడం లేదు. ఇన్నేళ్లు నింద మోసినవాడికి, ఆ నింద చెరిపే ఒకే ఒక్క ముక్క అది. దాని పక్కనే, దాన్ని దాచే రంగూ పెట్టి వెళ్లాడు.

రాత్రి మరిది ఫోన్ చేశాడు. కొనే ఆసామి రేపు పొద్దున్నే వస్తున్నాడని చెప్పాడు. "షెడ్డు కాస్త సర్దించు వదినా. ఆ పాత ముక్కకి రంగు పూసి ఏ మూలనో పడెయ్యి."

"నువ్వు కూడా రా," అన్నాను. "కొన్నా కొనకపోయినా, స్ప్రింగు ఎందుకు గేటు బయట నిలబడాల్సి వచ్చిందో ముందు ఆ కొనేవాడికి చెప్పాలి. నువ్వు పక్కనే ఉన్నావటగా, నువ్వే చెబుదువుగాని."

అతను ఫోన్ పెట్టేశాడు.

పొద్దున్నే లేచి షెడ్డు ఊడ్చాను. గోనెలు దులిపి మడత పెట్టాను. కారు అద్దాలు తుడిచాను. బల్ల మీద జిడ్డంతా గుడ్డతో రుద్దేశాను. ఆ ఆర్మ్‌ని కిటికీ వెలుతురు పడే చోట, అతుకు పైకి ఉండేలా తిప్పి పెట్టాను. పక్కనున్న రంగు డబ్బా మూత మాత్రం తియ్యలేదు.